ముందు కాళ్లు, తర్వాత గళ్లు: హాల్లో తీగల తడిక కట్టేవాళ్లకు

మీరు అడిగింది ఇదీ: తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె అపార్ట్‌మెంట్. హాలుకీ డైనింగ్ టేబుల్‌కీ మధ్య మనీ ప్లాంట్ పాకిన తడిక లాంటి ట్రెల్లిస్ అడ్డం పెట్టాలి. గోడకీ నేలకీ డ్రిల్ వేయడానికి ఓనరు ఒప్పుకోడు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. వెదురు మంచిదా, చెక్క మంచిదా, పీవీసీ పైపా? తీగ దానంతట అదే పాకుతుందా?

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, కొలతలన్నీ దాని మీదే ఆధారపడతాయి. పాకదు. తీగలన్నీ ఒకే రకంగా ఎక్కవు. శంఖుపుష్పం, హోయా లాంటివి ఆసరా చుట్టూ మెలి తిరుగుతూ పోతాయి. కాకర, పొట్ల నులితీగలు చాపి సన్నటి దారాన్నో కమ్మీనో పట్టుకుంటాయి. మనీ ప్లాంట్, తమలపాకు, సింగోనియం, మాన్‌స్టెరా మాత్రం కణుపుల దగ్గర వేళ్లు వదిలి, చెట్టు బెరడు లాంటి గరుకైన, కాస్త తేమ ఉన్న చోట అతుక్కుంటాయి. పాలిష్ కొట్టిన ఎండు చెక్క మీద ఆ వేరుకి పట్టు దొరకదు, అలాగే ఎండిపోతుంది. అంటే మీ తడికకి తీగను మీరే కట్టుకుంటూ పోవాలి. కట్టాలంటే చెయ్యి దూరాలి. అందుకే గళ్లు కర్ర మధ్య నుంచి కర్ర మధ్యకి దాదాపు 6 అంగుళాలు ఉండాలి. బజారులో రెడీమేడ్‌గా దొరికే రెండంగుళాల గళ్ల జాలీ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, మనీ ప్లాంట్ ఆకు అందులో ఇరుక్కుని చిరుగుతుంది, ఎండిన ఆకు తీయాలన్నా వేళ్లు పట్టవు.

ఇక అందరూ చివరికి వదిలేసే సంగతి, నేను ముందు చూసే సంగతి: అది నిలబడడం. గోడకు కట్టే ట్రెల్లిస్‌కి గోడే బలం. మీది గది మధ్యలో ఒంటరిగా నిలబడాలి. లెక్క చూడండి. తడిక ఎత్తు అయిదున్నర అడుగులు, అంటే 66 అంగుళాలు. కింద తొట్టి వెడల్పు 12 అంగుళాలు. కుండీలు, ఇటుకలతో కలిపి మొత్తం బరువు 40 కిలోలు అనుకుందాం. పైఅంచు దగ్గర పక్కకి తోస్తే, నాలుగు కిలోల బలం కూడా అక్కర్లేకుండా అది ఒరిగిపోతుంది. అదే తొట్టి కింద అడ్డంగా 24 అంగుళాల కాళ్లు వేస్తే, అంతే బరువుకి అంతకు రెట్టింపు తోపు కావాలి. బరువు పెంచడం కన్నా కాళ్లు చాపడం చౌక.

పాప ఉంది కాబట్టి అది కూడా చాలదు. పిల్లలు గళ్లు కనిపిస్తే కాలు పెట్టి ఎక్కుతారు. మీకు నా సలహా ఎల్ ఆకారం. 3 అడుగుల తడిక చివర ఒకటిన్నర అడుగుల చిన్న రెక్కను లంబంగా బోల్టులతో బిగించండి. ఆ రెక్క పాప ఎక్కువగా ఆడే వైపుకే రావాలి, ఎందుకంటే తను పట్టుకుని లాగితే తడిక తన మీదికే ఒరుగుతుంది, రెక్క ఆ వైపు ఊతకర్రలా ఆపుతుంది. మడిచిపెట్టుకునే మూడు రెక్కల స్క్రీన్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. జిగ్‌జాగ్‌గా నిలబెడితే అది గట్టిగానే ఉంటుంది. కానీ తీగ ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకి దాటిందా, మడిచిన రోజే కాడ విరుగుతుంది. ఏ రెక్క తీగ ఆ రెక్కలోనే తిరిగేలా పెంచే ఓపిక ఉంటేనే బందులు పెట్టించుకోండి.

సామానుకి వస్తాను. పీవీసీ గురించి ఎక్కువ చెప్పేది లేదు: అరంగుళం పైపు అయిదడుగుల ఎత్తులో వంగుతుంది, ముప్పావు అంగుళం అయితే నిలుస్తుంది, శాండ్‌పేపర్ పట్టకుండా వేసిన పెయింటు పెచ్చులూడుతుంది. బాల్కనీకి సరే, హాల్లో నాకు నచ్చదు.

వెదురు మన వైపు బాగా దొరుకుతుంది, అందంగానూ ఉంటుంది. బుట్టలు, చాటలు అల్లే మేదర పనివాళ్లను అడిగితే సమానంగా చీల్చిన బద్దలు ఇస్తారు, డిపోలో కొన్న బొంగును ఇంట్లో కత్తితో చీల్చుకోవడం కన్నా అది ఎంతో మేలు. బద్దకి పచ్చటి పైతోలు ఉన్న వైపే గట్టి, తీగ కట్టే వైపు అది రావాలి. చిక్కల్లా పుచ్చుతో. వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దాని కోసం పుచ్చు పురుగు చేరుతుంది. కొనేటప్పుడు బొంగును నేల మీద నిలబెట్టి రెండుసార్లు గట్టిగా తట్టండి. సన్నటి పసుపుపచ్చ పొడి రాలితే అక్కడే వదిలేయండి, ఇంటికి తెస్తే మీ సోఫా చెక్కకి కూడా ముప్పే. మంచి బొంగునైనా బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపి 5 శాతం ద్రావణంలో కొన్ని రోజులు నాననిచ్చి, నీడలో ఆరబెట్టి వాడితే ఏళ్ల తరబడి నిలుస్తుంది. చేతులకి గ్లౌజులు వేసుకోండి, ఆ నీళ్లు పాపకీ మొక్కలకీ దూరంగా పారబోయండి. జీడి నూనె పూయమని పాతవాళ్లు చెబుతారు. ఆరుబయట కంచెకి సరే, చర్మానికి తగిలితే పొక్కుతుంది, ఇంట్లోకి వద్దు. ఇంకో మాట. శేషాచలం కొండల్లో వెదురు బోలెడు ఉంది, కొట్టి తెచ్చిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. అడవి బయట పెంచిన వెదురు సంగతి వేరు గానీ, అడవిలోది అటవీ ఉత్పత్తే.

అన్నీ చూశాక మీ అవసరానికి నేను చెక్క రీపర్లకే (సన్నటి పొడవాటి చెక్క పట్టీలకే) ఓటేస్తాను. ఎల్ ఆకారానికి గట్టి అతుకులు కావాలి, వెదురు గుండ్రంగా ఉండడంతో బోల్టు బిగిస్తే చీలుతుంది. టేకు అక్కర్లేదు. సిల్వర్ ఓక్, వేప లాంటివి ఎండినవి దొరికితే చాలు. రీపరును కంటికి ఎదురుగా బారుగా పట్టుకుని చూస్తే వంకర తెలిసిపోతుంది, వంకర ఉన్నది పక్కన పెట్టించండి. టింబర్ డిపోలో అడుగు లెక్కన అమ్ముతారు, అందుకే లెక్క రాసుకుని వెళ్లండి. చట్రానికి 2 అంగుళాల వెడల్పు, అంగుళం మందం రీపరు: నిలువు కర్రలు రెండు, అయిదున్నర అడుగులవి. అడ్డకర్రలు రెండు, మూడడుగులవి. వెరసి 17 అడుగులు, 20 తెచ్చుకోండి. గళ్లకు అంగుళం వెడల్పు, అరంగుళం మందం: మూడున్నర అడుగుల నిలువు ముక్కలు 5, మూడడుగుల అడ్డం ముక్కలు 6. అది 36 అడుగుల లోపే, 40 కొంటే కోతలో పోయేది పోయినా సరిపోతుంది. కాళ్లకు 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం కర్ర 4 అడుగులు. రెక్కకు వేరేగా ఇదే పద్ధతిలో సగం లెక్క వేసుకోండి.

తొట్టి 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అందులో నేరుగా మట్టి నింపొద్దు. ఆ సైజు తొట్టికి 80 లీటర్ల పైగా మట్టి పడుతుంది, తడిశాక వంద కిలోలు దాటుతుంది, ఇల్లు ఊడ్చడానికి కూడా జరపలేరు. తొట్టి అడుగున ఇటుకలు పరిచి, వాటి మీద 8 అంగుళాల కుండీలు మూడు పెట్టండి. ఒక్కో ఇటుక మూడు కిలోల పైమాటే, ఏడెనిమిది ఇటుకలతో కావాల్సిన బరువు కిందనే, ఉండాల్సిన చోటే వచ్చేస్తుంది. కుండీల్లో ఎర్రమట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్ట్ ఎక్కువ కలపండి.

కట్టేటప్పుడు గట్టిగా చూడాల్సింది ఒక్క చోటే, నిలువు కర్ర తొట్టిని కలిసే చోటు. పై నుంచి వచ్చే తోపంతా అక్కడే పడుతుంది. నిలువు కర్రను తొట్టి పక్క పలకకు బయటి వైపు ఆనించి, పావంగుళం బోల్టులు రెండు, ఒకదానికొకటి 6 అంగుళాల దూరంలో, రెండు వైపులా వాషర్లతో బిగించండి. మేకులు గానీ ఫెవికాల్ గానీ ఒక్కటే నమ్ముకుంటే నెల తిరక్కుండా ఆ చోట ఊగడం మొదలవుతుంది. చట్రం మూలల్లో రెండు కర్రల్నీ చెరి సగం మందం కోసి ఒకదాన్లో ఒకటి కూర్చోబెడితే బలం, కార్పెంటర్ అయితే నిమిషాల్లో కోసిస్తాడు. స్క్రూ దించే ముందు సన్నటి బిట్టుతో రంధ్రం చేయండి, రీపరు చివర చీలదు. బిగించేముందు చట్రాన్ని నేల మీద పరిచి రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. రెండూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టు. మూలమట్టం లేకపోయినా పని జరుగుతుంది.

గళ్లు తొట్టి అంచు నుంచే మొదలుపెట్టకండి. 10 అంగుళాలు ఖాళీ వదిలి, అంటే నేల నుంచి రెండడుగుల ఎత్తులో కింది అడ్డకర్ర రావాలి. ఆ ఖాళీలోంచే కుండీ పక్కకి వంచి తీయగలరు, నీళ్లు పోయగలరు, ఇటుకల మీద పేరుకున్న చెత్త తీయగలరు. ఐమూలగా వేసే గళ్లు ఫొటోల్లో బాగుంటాయి. కానీ ప్రతి ముక్క చివరా ఏటవాలుగా కోయాలి, చెక్క వృథా, పైగా తీగను అడ్డంగా నడపడానికి వీలైన కర్ర ఉండదు. నిలువూ అడ్డమూ వేయించుకోండి.

పాలిష్ విషయంలో కార్పెంటర్ ఫ్రెంచ్ పాలిష్ అంటాడు, వద్దనండి. అది లక్కతో చేసేది, నీటిచుక్క నిలిస్తే తెల్లటి మచ్చ పడుతుంది. పీయూ (పాలీయురేథేన్) గానీ మామూలు ఎనామెల్ గానీ రెండు కోట్లు వేయించండి. కాళ్ల అడుగున, కోసిన చివర్లలో మూడో కోటు కూడా, చెక్క నీరు పీల్చేది ఆ చివర్ల నుంచే. ముదురు గోధుమ రంగు అయితే ఆకుల్లో కలిసిపోతుంది. తెలుపు వేస్తే మన ఊరి దుమ్ముకి వారానికోసారి తుడవాలి. వాసన పూర్తిగా పోయేదాకా మొక్కలు పెట్టకండి. హాల్లోనే పూజ అరమర ఉంటే దీపానికీ తడికకీ మధ్య కనీసం మూడడుగుల దూరం ఉండాలి. ఎండాకాలంలో ఎండుటాకు, పాలిష్ చెక్క, దీపం దగ్గర దగ్గరగా ఉండకూడదు.

కట్టడానికి ఏం వాడాలన్న దానికి జవాబు మీ వీధిలోనే ఉంది. పూలమ్మేవాళ్ల దగ్గర అరటి నార అడిగి తెచ్చుకోండి. నీళ్లలో కాసేపు నానబెట్టి, సన్నగా చీల్చి వాడాలి. ముందు కర్రకు ఒక చుట్టు, తర్వాత అడ్డంగా దాటించి తీగ చుట్టూ వదులుగా ఇంకో చుట్టు, అంటే 8 అంకె పడేలా ముడి. మధ్యలో నార దాటిన చోట తీగ చెక్కకి రాసుకోదు. ముడిలో చిటికెనవేలు దూరేంత జాగా ఉండాలి, కాడ లావెక్కుతుంది. నార కొన్ని నెలలకి దానంతట అదే కుళ్లి రాలిపోతుంది, అప్పటికి తీగ పక్క కర్రల మీద వాలి ఉంటుంది. నైలాన్ దారం, రాగి తీగ కాడను కోస్తాయి. తమలపాకు తోటల్లో కూడా తీగను అవిసె చెట్టుకు జమ్ము గడ్డితోనే వదులుగా కడతారు. ముడి కణుపుకి కాస్త కింద వేయండి, కణుపు మీద వేస్తే అక్కడి మొగ్గ నలుగుతుంది.

నేరుగా పైకి పరిగెత్తిస్తే తీగ పైఅంచు చేరి వేలాడుతుంది, కింద సగం బోసిగా ఉంటుంది. అందరి ఇళ్లలోనూ కనిపించేది ఇదే. మొదటి అడ్డకర్ర దాకా రాగానే దాన్ని అడ్డంగా నడిపించండి, చివరికి వెళ్లాక పై వరుసకి ఎక్కించి వెనక్కి తిప్పండి. ఏ తీగైనా చివర పైకే ఉన్నంతసేపు కింది మొగ్గల్ని లేవనీయదు, అడ్డంగా వంచితే ఆ పట్టు సడలుతుంది. అయితే మనీ ప్లాంట్ మిగతా తీగల్లా గుబురుగా కొమ్మలు వేసే రకం కాదు. చివర తుంచితే కింది కణుపు నుంచి ఒకటో రెండో వస్తాయి, అంతే. నిండుగా కావాలంటే కుండీకి ఒక మొక్కతో సరిపెట్టకుండా అయిదారు ముక్కలు నాటాలి. తుంచిన చివరల్ని రెండు కణుపులు ఉండేలా కోసి అదే కుండీలో గుచ్చేయండి. (మనీ ప్లాంట్ కొనకూడదు, దొంగిలించి తెస్తేనే కలిసొస్తుందంటారు. పక్కింటివాళ్లని అడిగి తీసుకున్నా ఏపుగానే పెరుగుతుంది.)

వెలుగు సంగతి, ఇది మీ ప్రశ్నలో లేదు గానీ గది మధ్య తడికకు అసలు పరీక్ష ఇదే. ఆకులన్నీ కిటికీ వైపు తిరుగుతాయి. హాలు వైపు నుంచి చూస్తే పచ్చగా, డైనింగ్ వైపు నుంచి చూస్తే కాడలూ ఆకుల వీపులూ. దీన్ని కట్టకముందే ఆలోచించుకోవాలి. కాళ్లకి లాక్ ఉన్న చక్రాలు వేయించి రెండు వారాలకోసారి తిప్పడం ఒక దారి, కానీ మీది ఎల్ ఆకారం, పైగా పాప ఉంది, చక్రాలు నేను ఒప్పుకోను. మీకు కుదిరేది, చీకటి వైపుకి సింగోనియం తీగల్ని విడిగా కట్టడం, అది తక్కువ వెలుగులోనూ సర్దుకుంటుంది. తడిక పెట్టబోయే చోట పగలు పదకొండింటికి లైట్లు ఆపి, నేలకు అడుగు ఎత్తులో చెయ్యి చాపండి. నీడ అంచు స్పష్టంగా ఉంటే ఏదైనా పెరుగుతుంది. మసకగా ఉంటే మనీ ప్లాంట్, సింగోనియం నెట్టుకొస్తాయి. నీడే కనపడకపోతే ఆ చోట ఏ మొక్కా వద్దు, ఉత్త తడిక పెట్టుకోండి, అదీ బాగానే ఉంటుంది. తూర్పు కిటికీ అన్నిటికన్నా మేలు. పడమటి కిటికీ పక్కనైతే మే నెలలో మధ్యాహ్నం తర్వాత కర్టెన్ వేయాలి, అద్దంలోంచి పడే ఎండకి ఆకులు కాలిన మచ్చలు పడతాయి.

నీళ్లు: మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కుండీ అంచున తెల్లటి పొర కట్టేది అదే. ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకి పోసేవాళ్లున్నారు. వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, దానికన్నా మామూలు బోరు నీళ్లే నయం. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, అప్పుడు మేడ మీద బకెట్లు పెట్టి పట్టిన నీళ్లతో కుండీలను ఒకసారి ధారాళంగా కడిగేస్తే పేరుకున్న ఉప్పు దిగిపోతుంది. కుండీల కింద ప్లేట్లు ఉండాలి, ఓనరు టైల్స్ మీద మరక పడకుండా. ఆ ప్లేట్లలో నీళ్లు రెండు రోజులకి మించి నిలవనివ్వకండి, డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా రావడానికి వారం పది రోజులు చాలు.

ఎండలు ముదిరితే ఎర్రనల్లి, మిగతా కాలంలో పిండినల్లి. పిండినల్లి దాక్కునేది ఆకు మీద కన్నా రీపర్లు దాటే సందుల్లోనూ నార ముడుల కిందా. తడిగుడ్డతో ఆకులు తుడిచేటప్పుడు ఆ సందుల్లో పాత టూత్‌బ్రష్ ఆడించండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే చాలు.

పాప విషయం మళ్లీ. మనీ ప్లాంట్, సింగోనియం ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండి పెదాలు వాస్తాయి. కింది అడ్డకర్ర రెండడుగుల ఎత్తులో ఉన్నా, మూడేళ్ల పిల్లకి అది అందే ఎత్తే. పాప కాస్త పెద్దయ్యేదాకా కింది రెండు వరుసలకీ, కుండీల దగ్గరికీ తమలపాకు తీగే పెట్టమంటాను. తనకేదైనా నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోకపోతే తడిక మొత్తానికీ తమలపాకే పెట్టుకోండి. అది కూడా కణుపు వేళ్లతో ఎక్కే రకమే, కాబట్టి కట్టే పద్ధతి మారదు. మనీ ప్లాంట్ కన్నా కాస్త ఎక్కువ వెలుగు అడుగుతుంది, గాలిలో తేమ అడుగుతుంది, కూలరు గాలి నేరుగా కొట్టే చోట వాడిపోతుంది. కిటికీకి దగ్గరగా ఉన్న చివరన బాగా వస్తుంది. ఫలహారం అయ్యాక నాలుగు ఆకులు అక్కడికక్కడే తుంచుకోవచ్చు.

ఇల్లు మారేటప్పుడు తీగల్ని విప్పి, అలాగే మోసుకెళ్లాలని చూడకండి, లిఫ్టులోనే సగం విరుగుతాయి. ఒక నెల ముందే ప్రతి తీగనూ అడుగు ఎత్తుకి కోసేయండి. కోసిన కాడలు నీళ్ల సీసాల్లో వేరుపడతాయి, మోడు నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. కుండీలు ఒక పెట్టెలో, ఇటుకలు ఒక గోతంలో, బోల్టులు విప్పిన తడిక ఆటోలో నిలువుగా.